ఆర్‌ఎక్స్ 100 క్లచ్ కవర్ స్క్రూలు మార్చాలి: స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులా, మామూలువా?

ఆర్‌ఎక్స్_హన్మకొండ

అన్నలందరికీ నమస్తే. బండి 1994 యమహా ఆర్‌ఎక్స్ 100. క్లచ్ కవర్ కింది అంచున ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ప్యాకింగ్ (కవర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే పేపర్) మార్చేద్దామని విప్పడం మొదలుపెట్టాను. కవర్‌కు ఉన్నవన్నీ పాత ప్లస్ స్క్రూలే. సగం వాటికి గాడి ఎప్పుడో ఎవరో చెరిపేశారు, స్క్రూడ్రైవర్ నిలవడం లేదు. వచ్చినవి తీసి పక్కన పెట్టాను, మూడు మాత్రం కదలనంటున్నాయి.

మళ్లీ ప్లస్ స్క్రూలే వేయాలని లేదు. ఆన్‌లైన్‌లో స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టుల (తలలో ఆరు మూలల గుంత ఉండేవి) సెట్టు ఉంది, 'అన్ని బండ్లకూ సరిపోతుంది' అని రాశారు. మా గల్లీ మెకానిక్ 'నల్ల హై టెన్సైల్ వెయ్, జన్మలో విరగవు' అంటున్నాడు. హార్డ్‌వేర్ దుకాణం ఆయనేమో జింకు పూత బోల్టులు చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? వరంగల్‌లోనే దొరికితే మంచిది, లేకుంటే సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోవాల్నా?

లోకోషెడ్_ఫిట్టర్ (కాజీపేట)

తమ్మీ, ఏ బోల్టు కొనాలన్నది రేపటి ముచ్చట. ఆ మూడూ ముందు బయటికి రావాలి.

నీ చేతిలో ఉన్నది మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అయి ఉంటుంది. జపాన్ డిజైన్ బండ్లకు వచ్చేవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. పైకి రెండూ ప్లస్ గుర్తే. కానీ ఫిలిప్స్ రెక్కల మూలలు గుండ్రంగా ఉంటాయి, జేఐఎస్ గాడిలో అడుగుదాకా కూర్చోవు. బలం పెట్టగానే పైకి ఎక్కి గాడిని నమిలేస్తాయి. స్క్రూ తల మీద సన్న చుక్క ఉంటే అది జేఐఎస్, చుక్క లేనివీ ఉంటాయి. ఇంకోటి, 6 ఎంఎం స్క్రూకు 3 నంబర్ బిట్ కావాలి. ఇళ్లల్లో ఉండేది 2 నంబర్. సగం గాడులు ఖరాబయ్యేది అక్కడే.

ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకో. కరెంటుది కాదు, సుత్తితో కొడితే తిరిగే చేతి రకం. విప్పే వైపు పెట్టావా లేదా ముందు చూసుకో, లేకుంటే ఇంకా బిగుసుకుంటుంది. బిట్ నిటారుగా ఆనాలి. డ్రైవర్‌ను విప్పే దిక్కుకే కాస్త తిప్పి పట్టుకుని ఒక్క గట్టి దెబ్బ వెయ్. భయపడుతూ వేసే చిన్న చిన్న దెబ్బలే గాడిని పాడు చేస్తాయి. ముందు రోజు రాత్రే తల చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్.

అయినా రాకపోతే హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ చుట్టూ కవర్‌ను వేడి చెయ్. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది, పట్టు వదులుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు, పైన పెట్రోల్ ట్యాంకు ఉన్నది.

ఏదీ పనిచేయకపోతే డ్రిల్లు. స్క్రూ మొత్తం తొలవక్కర్లేదు, తల ఊడితే చాలు. తల పోయిందంటే బిగింపు పోయినట్టే. కవర్ బయటికొస్తుంది, మిగిలిన కాడ ఇంజన్ కేసు మీద నిలబడి ఉంటుంది. దాన్ని వైజ్ గ్రిప్‌తో (పట్టు లాక్ అయ్యే ప్లయర్) పట్టి తిప్పితే చాలాసార్లు ఏ గొడవా లేకుండా వచ్చేస్తుంది.

గోదావరిఖని_బొగ్గుదారి

అంతకంటే ముందు ఒక డౌటు. కారేది ప్యాకింగ్ నుంచేనా? ఆర్‌ఎక్స్‌లో కిక్ షాఫ్ట్ ఆ కవర్‌లోంచే బయటికొస్తుంది. దాని ఆయిల్ సీలు పోయినా చెమ్మ కిందికి జారి ఆ అంచునే చేరుతుంది. శుభ్రంగా కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపి చూడు. పౌడర్ ముందు ఎక్కడ తడిస్తే అక్కడే లీకు.

ఆర్‌ఎక్స్_హన్మకొండ

సగం విప్పేశాను కదా అన్నా, ఇప్పుడు నడపలేను. సీలు కూడా కొని పెట్టుకుంటా, కవర్ ఎలాగూ చేతిలోకి వస్తుంది.

స్పేర్స్‌కౌంటర్_కరీంనగర్

కౌంటర్ ఇవతల కూర్చునేవాడిగా చెబుతున్నా. 'అన్ని బండ్లకూ సరిపోయే సెట్టు' అనేది ఉండదు. ఈ కవర్లకు వచ్చేది చాలా బండ్లలో 6 ఎంఎం బోల్టే, మర అంతరం (ఒక మర నుంచి పక్క మరకు దూరం) 1 ఎంఎం. అక్కడిదాకా నిజం. పొడవులు మాత్రం బండి బండికీ వేరు, ఒకే కవర్‌లో కూడా రెండు మూడు రకాలుంటాయి. సెట్టులో వచ్చే పొడవులు నీ కవర్‌వి కావు, అమ్మేవాడు అనుకున్నవి.

కొనేటప్పుడు తల మీద ఏం రాసుందో చూడు. 8.8, 10.9, 12.9 అని ఉంటే అవి ఉక్కు గ్రేడ్లు. ఏ2-70 అని ఉంటే స్టెయిన్‌లెస్. ఏమీ రాయకుండా కిలోల లెక్కన అమ్మేవి గేటుకో షట్టరుకో వాడుకో, ఇంజన్‌కు వద్దు. కొందరు అయస్కాంతం తెచ్చి పెడతారు, కొంచెం లాగితే నకిలీ అని గొడవ. ఏ2 స్టెయిన్‌లెస్ బోల్టు తయారీలో వత్తిడి తిన్నప్పుడు కాస్త అయస్కాంత గుణం వస్తుంది. అంత మాత్రాన నకిలీ కాదు.

రంగు రంగుల అల్యూమినియం బోల్టుల గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నంబర్ ప్లేటుకు, వైజరుకు పెట్టుకోండి, అందంగా ఉంటాయి. క్లచ్ కవర్‌కు అడిగితే నేను ఇవ్వను.

నిట్_మెకానికల్

గ్రేడు సంగతి కొంచెం వివరంగా. 8.8లో మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర బోల్టు శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 12.9కి తెగే బలం 1200. ఏ2-70కి తెగే బలం 700. కాగితం మీద 12.9 చాలా గొప్పది. కానీ బోల్టు దిగేది మెత్తటి అల్యూమినియం మరల్లోకి. బోల్టు ఎంత గట్టిదైనా ముందు చిరిగేవి కేసు మరలే. విరగని బోల్టు వేస్తే నష్టం బోల్టు నుంచి కేసుకు మారుతుంది, అంతే. 8.8 విరిగితే పది రూపాయల పని. కేసు మరలు పోతే ఏమవుతుందో లేత్ అన్నలు చెబుతారు.

పైగా 12.9 సాధారణంగా నల్లగా ఆక్సైడ్ పూతతో వస్తుంది. వానాకాలం ఒక్కటి దాటేసరికి తల మీద తుప్పు. తుప్పు పడుతోందని దానికి జింకు పూత వేయిస్తే ఇంకో చిక్కు. అంత గట్టి ఉక్కులోకి పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది. పూత వేశాక సరిగా బేక్ చేయాలి, చిన్న షాపుల్లో అది చేయరు.

స్టెయిన్‌లెస్ మీద భయం ఏంటంటే, అల్యూమినియంతో కలిసి తడి తగిలితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ పుడుతుంది. అందులో తినుకుపోయేది అల్యూమినియం. మరల్లో తెల్లటి పొడి కనిపిస్తుంది, బోల్టు బిగుసుకుపోతుంది. ఉప్పుగాలి తగిలే విశాఖ బండికి ఇది పెద్ద విషయం. మన వరంగల్ బండికి నెమ్మదిగానే జరుగుతుంది, కానీ ఏళ్ల తరబడి విప్పకపోతే జరుగుతుంది. మరల మీద కొంచెం కాపర్ గ్రీజు రాస్తే బిగుసుకుపోవడం తగ్గుతుంది.

స్ప్లెండర్_నర్సంపేట

తమ్మీ మంచిగ చెప్పినవ్. కానీ మా దగ్గర ముప్పై ఏళ్ల నుంచి పని చేస్తున్న మెకానిక్‌లు ఈ మెగాపాస్కల్స్ ఏవీ వినలేదు, బండ్లు నడుస్తూనే ఉన్నాయి. చెయ్యి చెబుతుంది ఎంత బిగించాలో.

నిట్_మెకానికల్

చెయ్యి చెబుతుంది, ఒప్పుకుంటా అన్నా. కానీ ఆ చెయ్యి అప్పటిదాకా లారీ వీల్ నట్లు బిగించి వచ్చి ఉంటే?

లోకోషెడ్_ఫిట్టర్ (కాజీపేట)

ఇద్దరూ సగం సగం కరెక్టు. లెక్క చెబుతా, చేతికి ఎట్లా అలవాటు చేసుకోవాలో కూడా చెబుతా.

6 ఎంఎం బోల్టుకు చాలా యమహా మాన్యువళ్లలో వెనక ఉండే సాధారణ పట్టికలో బిగింపు బలం 6 న్యూటన్ మీటర్లే ఉంటుంది. కవర్లకు విడిగా ఇచ్చిన చోట 10 దాకా ఉంటుంది. హోండా రకం బండ్లలో 8 నంబర్ పానా తల ఉన్న 6 ఎంఎం బోల్టుకు 10 దగ్గర. 10 న్యూటన్ మీటర్లంటే పాత లెక్కలో దాదాపు ఒక కిలోగ్రామ్-మీటరు, అంటే మీటరు పొడవు పానా చివర కిలో బరువు వేలాడదీసినంత. పానా 10 సెంటీమీటర్లే ఉంటే పది కిలోల వత్తిడి. మనిషి అరచెయ్యి దీనికి రెండింతలు తేలిగ్గా పెడుతుంది, పెట్టానని కూడా తెలియదు.

అందుకే అలెన్ బోల్టుకు ఎల్ కీ పొడుగు వైపును బోల్టులో పెట్టి, పొట్టి వైపును రెండు వేళ్లతో తిప్పాలి. టీ పానా అయితే కాడను పిడికిట్లో పట్టి మణికట్టుతో తిప్పడమే, భుజం కదలకూడదు. టార్క్ రెంచ్ (అనుకున్న బలం రాగానే టక్కుమనే పానా) కొంటే 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల చిన్నది కొను. కారు చక్రాలకు వాడే పెద్దది 10 దగ్గర టక్కుమనదు, నువ్వు ఆ టక్కు కోసం ఎదురుచూస్తుంటే మరలు పోతాయి.

కాపర్ గ్రీజు రాసిన బోల్టు అదే బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది, ఎందుకంటే రాపిడి తగ్గింది. మాన్యువల్ లెక్క పొడి మరలకు. గ్రీజు రాస్తే ఓ ఇరవై శాతం తగ్గించు.

లేత్‌పని_పరకాల

నన్ను పిలిచినట్టున్నారు.

మర పోయిన కేసులు మా దగ్గరికి వచ్చే తీరు ఒకటే. 'అన్నా, కొంచెం పెద్ద బోల్టు వేసి ట్యాప్ కొట్టు' అంటారు, అంటే పెద్ద మర కోయమని. కొట్టొచ్చు. కానీ 8 ఎంఎం కొడితే కవర్‌లో రంధ్రం కూడా పెద్దది చేయాలి, కేసు అంచున గోడ సన్నగా మిగులుతుంది, ఇంకోసారి పోతే ఇక చోటుండదు. 7 ఎంఎం బోల్టు ఏ షాపులోనూ తొందరగా దొరకదు.

హెలికాయిల్ మేలు. స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మర అది. పాత రంధ్రాన్ని 6.3 ఎంఎం బిట్‌తో తొలిచి, హెలికాయిల్‌తో వచ్చే ప్రత్యేక ట్యాప్ కొట్టి, దాన్ని తిప్పి దించడమే. మామూలు 6 ఎంఎం ట్యాప్ పనికిరాదు. పైన అంచు నుంచి అర చుట్టో చుట్టో లోపలికి దిగాలి, పైకి పొడుచుకొస్తే ప్యాకింగ్ కూర్చోదు. అడుగున ఉండే చిన్న అడ్డ కాడను విరిచి బయటికి తీయడం మర్చిపోవద్దు. అది లోపల పడిందంటే గేర్ల మధ్యకే పోతుంది. సరిగా వేసిన హెలికాయిల్ అసలు అల్యూమినియం మర కన్నా గట్టిగా ఉంటుంది.

ట్యాప్‌కు బాగా గ్రీజు పూయండి, పొట్టు దానికి అంటుకుంటుంది. ఇంజన్ తెరిచి ఉంది కాబట్టి చుట్టూ గుడ్డ కుక్కండి. డ్రిల్లు చేత్తో పట్టుకుని వంకరగా తొలిచి తీసుకొస్తే మాత్రం, ఆర్గాన్ వెల్డింగ్‌తో పూడ్చి కొత్తగా తొలవడం తప్ప నా దగ్గర దారి లేదు.

ఆర్‌ఎక్స్_హన్మకొండ

ఇంపాక్ట్ డ్రైవర్‌తో రెండు వచ్చేశాయి! 3 నంబర్ బిట్ పెట్టగానే పట్టు తెలిసిపోయింది. మూడోదానికి తల తొలిచేశాం, కాడ వైజ్ గ్రిప్‌కు వచ్చేసింది. కవర్ బయటికొచ్చింది. కిక్ సీలు పెదవి కూడా గట్టిపడి ఉంది, అది మారుస్తున్నా. ఇప్పుడు పొడవులు ఎలా తేల్చుకోవాలి? పాత స్క్రూలనే కొలిస్తే చాలా?

స్పేర్స్‌కౌంటర్_కరీంనగర్

పాతవి అసలువేనని నమ్మకం ఏంటి? 1994 బండి, ఎన్ని చేతులు మారిందో. ముందు ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఎక్కడి స్క్రూ అక్కడే గుచ్చు. తర్వాత కొలువు. బోల్టు పొడవంటే తల కింద నుంచి కాడ చివరి దాకా. తల మొత్తం లోపలికి దిగే చదును తల స్క్రూకు మాత్రం తలతో కలిపి కొలుస్తారు.

లోకోషెడ్_ఫిట్టర్ (కాజీపేట)

అట్టముక్క పద్ధతి మంచిదే. దానికి తోడు ఇంకో పరీక్ష చెయ్. కవర్‌ను కేసు మీద పెట్టి అన్ని బోల్టులూ తిప్పకుండా రంధ్రాల్లోకి వదులు. మర దగ్గర ఆగిపోతాయి. అప్పుడు పక్క నుంచి చూస్తే తలలన్నీ కవర్ నుంచి దాదాపు ఒకే ఎత్తులో నిలబడాలి. ఆ ఎత్తే మరలోకి దిగబోయే పొడవు. ఒకటి మరీ పైకి ఉందంటే అది పొడుగుది, వేరే రంధ్రానిది. మరీ కిందికి ఉందంటే మర సరిగా అందదు.

ఎంత దిగాలి? అల్యూమినియంలో బోల్టు లావుకు ఒకటిన్నర నుంచి రెండింతలు. 6 ఎంఎంకు 9 నుంచి 12 ఎంఎం. తక్కువైతే నాలుగు మరల మీదే బరువంతా పడి చిరుగుతుంది. ఎక్కువైతే ఇంకా ప్రమాదం. అడుగు మూసి ఉన్న రంధ్రంలో బోల్టు చివర అడుగుకు తగిలి ఆగుతుంది, మనకు బిగిసినట్టే అనిపిస్తుంది, కవర్ మాత్రం వదులు. లీకు ఆగలేదని ఇంకా తిప్పుతారు, కేసు పగులుతుంది. వెర్నియర్ తోక కడ్డీని రంధ్రంలో దించి లోతు కొలుచుకో, బోల్టు చివర కింద కనీసం 2 ఎంఎం ఖాళీ ఉంచు.

రంధ్రాల్లో ఆయిల్, మట్టి నిలిచి ఉంటే అదీ అంతే. నూనె నలగదు, బోల్టు దిగే కొద్దీ అడుగున వత్తిడి పెరిగి రంధ్రం గోడ పగలొచ్చు. ఒక్కో రంధ్రంలో స్ప్రే కొట్టి, గాలి కొట్టి, ఎండనివ్వు. గాలి కొట్టేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకో, అంతా మొహం మీదికే వస్తుంది.

గోదావరిఖని_బొగ్గుదారి

అందరూ అలెన్, అలెన్ అంటున్నారు, నేను ఒప్పుకోను. మా వైపు బొగ్గు లారీల దుమ్ము. అలెన్ తల గుంతలో బొగ్గుపొడి, వాననీళ్లు కలిసి గడ్డకడతాయి. విప్పేటప్పుడు సూదితో తవ్వాలి. తవ్వకుండా కీ పెడితే సగమే దిగుతుంది, మూలలు గుండ్రం అయిపోతాయి. మేడారం పోయొచ్చిన బండి చూడండి, ఒక్క గుంత ఖాళీగా ఉండదు.

6 ఎంఎం ఫ్లేంజ్ బోల్టు వేసుకోండి, 8 నంబర్ తల, కింద వాషర్ తలతోనే కలిసి ఉంటుంది. జింకు పూత, 8.8. స్ప్లెండర్‌కు కంపెనీ వేసేది ఆ రకమే. గోటీ (సాకెట్ పానా) దూరకపోయే చోట మాత్రమే అలెన్.

ఆర్‌ఎక్స్_హన్మకొండ

ఫ్లేంజ్ తల ఆర్‌ఎక్స్ కవర్‌కు నప్పుతుందా? పాత స్క్రూ తల వెడల్పుగా, పలుచగా ఉంది.

స్పేర్స్‌కౌంటర్_కరీంనగర్

కూర్చునే చోటు వెడల్పు కొలుచుకుని కొను. పాత ప్లస్ స్క్రూ తల 12 ఎంఎం వరకూ ఉంటుంది. అలెన్ తల 10 ఎంఎం వెడల్పు, 6 ఎంఎం ఎత్తు. అంటే అలెన్ అల్యూమినియం మీద తక్కువ చోట నొక్కుతుంది, కొన్నేళ్లకు అక్కడ గుంట పడుతుంది. కింద పలుచని వాషర్ వెయ్. ఆ వాషర్ మందం ఎంతో అంత మర తగ్గుతుందని లెక్కలో పెట్టుకో. మామూలు 6 ఎంఎం వాషర్ 1.6 మందం ఉంటుంది, పట్టించుకోకుండా వదిలేసేంత చిన్నది కాదు. గుండు తల అలెన్ జోలికి పోకు. దానికి 4 నంబర్ కీ, మామూలు అలెన్‌కు 5. బిగిసిపోయినప్పుడు ఆ ఒక్క నంబర్ తేడా తెలుస్తుంది.

ఒక్క స్క్రూకు మాత్రమే రాగి వాషర్ ఉండి ఉంటే, మళ్లీ అదే రంధ్రానికి కొత్త రాగి వాషర్ వెయ్. ఎవరో అలంకారానికి పెట్టింది కాదు, ఆ రంధ్రం లోపల ఆయిల్ వైపు తెరిచి ఉంటుంది.

స్ప్లెండర్_నర్సంపేట

నా బండికి పోయినసారి ప్యాకింగ్ మీద సిలికాన్ పేస్టు దిట్టంగా పూశారు. లీకు ఆగింది. అది మంచిదేనా?

లోకోషెడ్_ఫిట్టర్ (కాజీపేట)

బయటికి ఎంత పిండుకొచ్చిందో లోపలికీ అంతే పోయింది. ఆ లోపలిది ఊడి ఆయిల్ జల్లెడకు పడితే, ఆయిల్ దారి మూసుకుపోతే, ఇంజన్‌కే దెబ్బ. కొత్త పేపర్ ప్యాకింగ్, శుభ్రమైన ముఖాలు, కవర్‌ను సరైన చోట నిలబెట్టే రెండు చిన్న డోవెల్ గొట్టాలు వాటి చోట ఉంటే సిలికాన్ అక్కర్లేదు. పాత ప్యాకింగ్‌ను స్క్రూడ్రైవర్‌తో గీకకండి, ఆ గీతే రేపటి లీకు. కిరోసిన్‌తో నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో తీయండి.

బిగించేటప్పుడు అన్నీ చేత్తో దిగేదాకా తిప్పండి. ఒక్కటి కూడా పానాతో మొదలుపెట్టొద్దు. వంకరగా ఎక్కిన మర చేతికి తెలుస్తుంది, పానాకు తెలియదు. తర్వాత ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో. ఇంజన్ వేడెక్కి చల్లారాక ఒక్కసారి అన్నింటినీ తాకి చూడండి, కదిలితేనే కాస్త బిగించండి. ప్రతి సర్వీసుకూ 'ఇంకొంచెం' అని తిప్పే అలవాటు వల్లే మరలు పోతాయి.

లాక్‌టైట్ (మరలు వదలకుండా పట్టే జిగురు) అడగబోతున్నారని తెలుసు. కవర్ బోల్టులకు వద్దు. ఎర్రది అసలే వద్దు, విప్పాలంటే వేడి చేయాలి.

ఆర్‌ఎక్స్_హన్మకొండ

రాణిగంజ్ పోలేదు. ఇక్కడే బేరింగులు, బోల్టులు అమ్మే దుకాణంలో అట్టముక్క చూపిస్తే ఒక్కో పొడవు తీసిచ్చారు. ఏ2-70 అలెన్, కింద వాషర్లు. కాపర్ గ్రీజు రాశాను, 8 న్యూటన్ మీటర్లకు బిగించాను. ఒక రంధ్రం మర అనుమానంగా ఉంది, సగం బిగింపులోనే మెత్తగా తిరుగుతోంది. అది వదిలేసి పరకాల అన్న దగ్గరికి తెస్తున్నా. దుమ్ము సంగతికి తల గుంతల్లో గ్రీజు నింపాను, విప్పేటప్పుడు తుడిచేస్తే సరి.

లేత్‌పని_పరకాల

కవర్ కూడా విప్పి తీసుకురా. రంధ్రాల వరస చూసి తొలవాలి, కేసు ఒక్కటే చూసి తొలిస్తే కవర్ కూర్చోకపోవచ్చు.

పాతబుల్లెట్_జనగామ

ఈ చర్చలోనే అడిగేస్తున్నా. నాది పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350. టైమింగ్ కవర్ స్క్రూలు మార్చాలి. 6 ఎంఎం బోల్టు పెట్టి చూశాను, దిగుతోంది, కానీ కాస్త ఊగుతోంది. వేసెయ్యొచ్చా?

లోకోషెడ్_ఫిట్టర్ (కాజీపేట)

వేయొద్దు అన్నా! అది మిల్లీమీటర్ల మర కాదు, పావు అంగుళం మర. అంగుళానికి 26 చుట్లు, అంటే ఒక్కో చుట్టు 0.977 ఎంఎం. 6 ఎంఎం బోల్టుది 1 ఎంఎం. అంత దగ్గరగా ఉండటం వల్లే దిగుతుంది. కానీ పావు అంగుళం అంటే 6.35 ఎంఎం, నీ బోల్టు 6. మరల కొనలు మాత్రమే పట్టుకుంటాయి, బిగించగానే మొత్తం దువ్వేసి బయటికొస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో పావు అంగుళం అనగానే ఇచ్చే 20 చుట్ల బోల్టు కూడా దీనికి కాదు. పాత స్క్రూ ఒకటి జేబులో వేసుకుని పాత బుల్లెట్ స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లు. కొత్త స్క్రూను పాతదానికి ఆనించి పట్టు, రెండిటి మరలూ మొదటి నుంచి చివరిదాకా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే అది నీదే. ఎడమ వైపు ప్రైమరీ కవర్ గురించి టెన్షన్ వద్దు, దానికి మధ్యలో ఒక్క నట్టే.